తీరిక ఎవరికి దొరికింది? లాక్‌డౌన్ నాటి తెలుగు ఇల్లు

గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభికులకు నమస్కారం.

కరోనా కాలంలో ఇంటి జీవనం గురించి, వినోదం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఈ విషయం ఎత్తగానే మనలో చాలామంది ఒకే తీరుగా మాట్లాడతారు. ఆ రోజుల్లో అందరికీ కావలసినంత తీరిక దొరికిందని, కుటుంబమంతా ఒకచోట కూర్చుని అన్నం తిన్నదని, మరచిపోయిన ఆటలు మళ్ళీ వచ్చాయని అంటారు. అందులో అబద్ధం లేదు. అయితే ఒకే కప్పు కింద ఉన్న నలుగురైదుగురిలో ఆ తీరిక ఎవరి వాటాకు ఎంత వచ్చిందన్న లెక్క మాత్రం మనం వేయలేదు. ఈ సాయంత్రం నేను వేయదలచుకున్నది ఆ లెక్కే. ఆసుపత్రుల సంగతి, టీకాల సంగతి, ప్రభుత్వాల జయాపజయాల సంగతి వేరే వక్తలు చెబుతారు. నేను వీలైనంత వరకు ఇంటి గడప దాటను.

2020 మార్చి 22, ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం 5 గంటలకు గుమ్మాల్లోనూ మేడల మీదా నిలబడి చప్పట్లు కొట్టాం, పళ్ళాలు మోగించాం. ఆ రాత్రికే రెండు తెలుగు రాష్ట్రాలూ నెలాఖరు వరకు ఆంక్షలు ప్రకటించాయి. 24వ తేదీ రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి టీవీలో కనిపించి అర్ధరాత్రి నుంచి 21 రోజులు దేశమంతా మూసివేస్తున్నామని చెప్పారు. తెల్లవారితే శార్వరి నామ సంవత్సర ఉగాది. పచ్చడికి మామిడికాయ, కొత్త బెల్లం ముందే తెచ్చిపెట్టుకున్నవారు సరే, మర్నాడు తెచ్చుకోవచ్చులే అనుకున్నవారు ఆ రాత్రి కిరాణా కొట్ల ముందు గుంపులుగా చేరారు. గుడిలో పది మంది మధ్య కూర్చుని వినే పంచాంగ శ్రవణాన్ని టీవీ ముందు కూర్చుని విన్నాం. ఆదాయం ఎక్కువ, వ్యయం తక్కువ అని విన్న రాశులవారు కూడా ఆ ఏడాది చివర పంచాంగం తిరగేసి నవ్వుకునే ఉంటారు. ఏప్రిల్ 2న శ్రీరామనవమి వచ్చింది. భద్రాచలంలో సీతారాముల కల్యాణం భక్తులు లేకుండా జరిగితే, తలంబ్రాలు పడే వేళకు మనం ఇంట్లో టీవీకి దండం పెట్టుకున్నాం. తిరుమలలో భక్తుల దర్శనం మార్చి 20 నుంచే ఆగిపోయింది. మళ్ళీ తలుపులు తెరిచేసరికి జూన్ వచ్చింది.

ఇంట్లో ఉండమన్న ఆజ్ఞ, అందరికీ ఉండదగిన ఇల్లు ఉందన్న నమ్మకం మీద వెలువడింది. ఆ నమ్మకం ఎంత పలచనిదో మొదటి రెండు రోజుల్లోనే తెలిసింది. హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతాల హాస్టళ్ళ యజమానులు కొందరు ఖాళీ చేయమనడంతో, కోచింగుల కోసం వచ్చిన పిల్లలు, చిన్న ఉద్యోగాలు చేసుకునే యువతీ యువకులు పోలీస్ స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. ఆ పత్రాలు పట్టుకుని బయలుదేరిన వాహనాలు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆగిపోయాయి. సొంత ఊరు సరిహద్దుకు అవతల ఉంది, అద్దె మంచం వెనక హైదరాబాదులో ఉంది, మనిషి మధ్యలో జాతీయ రహదారి మీద ఉన్నాడు. అలాంటివారిని ఇంట్లో ఉండమంటే ఎక్కడ ఉండాలి?

ఇల్లు ఉన్నవారి సంగతి కూడా చూద్దాం. ఆ ఏప్రిల్ నెలలో రెండు వార్తలు వచ్చాయి. విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవరు పొద్దుపోక స్నేహితులతో, ఇరుగుపొరుగువారితో పేకాట ఆడాడని, అదే ఇళ్ళ ఆడవారు తంబోలా ఆడారని, అక్కడి నుంచి 24 మందికి వ్యాధి సోకిందని కృష్ణా జిల్లా కలెక్టరు చెప్పారు. సూర్యాపేటలో ఒక మహిళ పొరుగువారితో కలిసి అష్టాచమ్మా ఆడడం వల్ల ముప్పై మందికి పైగా సోకిందని పత్రికలు రాశాయి. అప్పట్లో ఈ రెండు వార్తలనూ మనం ఒకే కంఠంతో తిట్టుకుంటూ చదివాం. ఇంత చెప్పినా వినరేమని, ప్రాణం మీదికి వస్తుంటే ఆటలేమిటని అన్నాం. వ్యాధి ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకుతుందో జనానికి చెప్పడానికి ఆ ఉదాహరణలు పనికొచ్చిన మాట నిజమే.

కానీ ఇప్పుడు తీరికగా ఆలోచిస్తే నాకు ఇంకొకటి కనిపిస్తుంది. లారీ డ్రైవరుది ఆగడానికి వీల్లేని పని. మన ఇంటికి బియ్యమూ ఉల్లిపాయలూ రావడానికే అతను రోడ్డు మీద ఉన్నాడు. తిరిగి వచ్చాక అతనికి ఉన్న ఇల్లు, వేసవిలో పగలంతా నలుగురు కూర్చోగలిగిన ఇల్లు కాదు. అలాంటి వాడల్లో వంటగది, పడకగది గోడల లోపల ఉంటాయి. కూర్చునే గది మాత్రం అరుగు మీద, వీధి మలుపులో, పక్కింటివారి వేపచెట్టు కింద ఉంటుంది. మూడు గదుల అపార్ట్‌మెంటులో ఉన్నవారు హాల్లో కూర్చుని ఫోనులో లూడో ఆడితే అది జాగ్రత్త అయింది. ఒంటిగది ఇంటి ఆడవారు అరుగు మీద గవ్వలు వేస్తే అది నేరమైంది. వారు చేసింది ప్రమాదకరమైన పనే, నేను కాదనను. కానీ ఆ మధ్యాహ్నపు గంటన్నర తప్ప వారికి రోజులో వేరే తీరిక లేదని, ఆ గంటన్నర గడపడానికి గడప బయట తప్ప చోటు లేదని ఒక్క పత్రికా రాయలేదు.

ఇక వంటింటికి వస్తాను. జాతీయ గణాంక కార్యాలయం 2019లో, అంటే మహమ్మారికి సరిగ్గా ముందు ఏడాది, దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని తేలింది. అది కూడా చేసేవారి సగటు మాత్రమే. స్త్రీలలో ఆ పని చేసేవారు 81 శాతం, పురుషులలో 26 శాతం. పిల్లలు మధ్యాహ్నం బడిలో, భర్త క్యారేజీ పట్టుకుని ఆఫీసులో, పనిమనిషి అంట్ల దగ్గర ఉన్న మామూలు రోజుల లెక్క ఇది. ఇప్పుడు అందరినీ ఇంట్లో కూర్చోబెట్టి, పనిమనిషిని రావద్దని చెప్పి, హోటళ్ళు మూసేసి, తెచ్చిన ప్రతి కూరగాయనూ ఉప్పు నీళ్ళలోనో వంటసోడా నీళ్ళలోనో కడగాలన్న కొత్త నియమం ఒకటి పెట్టి, ఆ 299 నిమిషాలు ఎంత అయి ఉంటాయో మీరే ఊహించండి. పొద్దున టిఫిను, పదకొండింటికి మళ్ళీ కాఫీ, మధ్యాహ్నం పప్పూ కూరా చారూ, నాలుగింటికి ఏమైనా ఉందా అన్న ప్రశ్న, రాత్రికి చపాతీలు. కుక్కరులో కేకు, గిలక్కొట్టిన నురగ కాఫీ, ఇంట్లోనే జిలేబీ అంటూ యూట్యూబులో చూసి చేసిన ప్రయోగాలను కుటుంబ వినోదమని అందరం ఫొటోలు పెట్టుకున్నాం. ఆ గిన్నెలు తోమినవారి ఫొటో నేను ఎక్కడా చూడలేదు. చీపురు పట్టిన మగవారు, పిల్లలకు జడ వేయడం నేర్చుకున్న తండ్రులు ఉన్నారు, వారిని తీసిపారేయను. అయితే వారు చేసిన పనికి సాయం అని పేరు వచ్చింది, మిగిలినదానికి ఏ పేరూ రాలేదు. రావద్దన్న పనిమనిషికి జీతం ఇచ్చిన ఇళ్ళు ఉన్నాయి, ఒక నెల ఇచ్చి మానేసినవీ ఉన్నాయి, మొదటి నెల నుంచే ఇవ్వనివీ ఉన్నాయి. ఆమె ఇంట్లో మాత్రం తీరిక దండిగానే ఉండి ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం తెల్ల కార్డు ఉన్న ఇళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. అద్దె, పాలు, మందులు ఆ డబ్బులోనే సర్దుకోవాలి.

లాక్‌డౌన్ సరిగ్గా ఆవకాయ రోజుల్లో వచ్చింది. ఇది బయటివారికి చిన్న విషయం, మనకు కాదు. గుంటూరు మిర్చి యార్డులో లావాదేవీలు నిలిచిపోయాయి. హైదరాబాదులో రద్దీ తగ్గించడానికి గడ్డిఅన్నారం మార్కెట్ నుంచి మామిడి అమ్మకాలను కోహెడకు తరలించారు. నచ్చిన కాయ ఏరుకునే వీలు లేదు, టెంక ముదిరిందో లేదో కోసి చూపించమని అడిగే వీలు లేదు, బండి మీద ఏది వస్తే అదే కాయ. అన్నిటికంటే పెద్ద చిక్కు ముక్కలు కొట్టించడం. బజారులో పెద్ద కత్తిపీట వేసుకుని కూర్చుని కిలోకు ఇంతని తీసుకుని ముక్కలు కొట్టే మనిషి ఆ ఏడాది లేడు. ఇంట్లో ఉన్న చిన్న కత్తిపీటకు టెంక లొంగదు. ఆ సంవత్సరం తెలుగుదేశంలో ఎన్ని ఇళ్ళలో మగవారు మొదటిసారి ఆవకాయ ముక్కలు కొట్టారో తెలిస్తే బాగుండును. నాకు తెలిసినంతలో వారు ఇష్టపడి, గొప్పగా చెప్పుకుని, తుడవకుండా వదిలేసిన ఇంటిపని అదొక్కటే. జాడీలు నిండాయి. కానీ ఏటా అందులో సగం అమెరికాకో ఆస్ట్రేలియాకో పొట్లాలై వెళ్ళేది. మార్చి 22 అర్ధరాత్రి తర్వాత అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, కొరియరు దుకాణాలు మూతపడ్డాయి, ఎవరైనా వెళ్తుంటే చేతికి ఇచ్చి పంపుదామంటే వెళ్ళేవారే లేరు.

విదేశాల ప్రస్తావన వచ్చింది కనుక ఆ దిగులు సంగతి కూడా ఇక్కడే చెబుతాను. కూతురి పురుడు పోయడానికి టిక్కెట్లు కొనుక్కుని, బాలింతకు పెట్టే కాయం, పసిపిల్లల బట్టలు సర్దుకున్న తల్లులు ఇక్కడే ఆగిపోయారు. ముందుగా వెళ్ళినవారు అక్కడే ఆగిపోయారు. అమెరికాలో సందర్శకులకు సాధారణంగా ఆరు నెలలే ఉండే అనుమతి, అది దాటితే పొడిగింపు దరఖాస్తు పెట్టుకోవాలి. బీపీ మందులు తెచ్చుకున్నవి అయిపోతాయి, అక్కడ డాక్టరు చీటీ లేకుండా దొరకవు. విదేశాల్లో చిక్కుకున్నవారిని తెచ్చే వందే భారత్ విమానాలు మే 7 నుంచి మొదలైనా వాటిలో చోటు కోసం మళ్ళీ ఎదురుచూపులే. ఇలాంటి ఇళ్ళలో వీడియో కాల్ దినచర్య అయింది. అటు రాత్రి, ఇటు పొద్దున. తిన్నారా, బయటికి వెళ్ళలేదు కదా, మాస్కులు ఉన్నాయా అని రెండు పక్కలా అవే ప్రశ్నలు. మనవరాలు బోర్లా పడడం, పారాడడం, అడుగులు వేయడం తెర మీదనే చూసిన అమ్మమ్మలు ఎందరో ఉన్నారు.

టీవీ గురించి అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. మార్చి 28 నుంచి దూరదర్శన్ పొద్దున 9 గంటలకు, రాత్రి 9 గంటలకు 1987 నాటి రామాయణం సీరియల్ మళ్ళీ వేసింది. ఏప్రిల్ 16న దాన్ని 7.7 కోట్ల మంది చూశారని, అది ప్రపంచ రికార్డు అని దూరదర్శన్ ప్రకటించుకుంది. ఆ పోలిక సరికాదని తర్వాత విమర్శలూ వచ్చాయి. మన ఇళ్ళలో ఆ సీరియల్ చేసిన మేలు ఏమిటంటే, హిందీ సంభాషణలు పిల్లలకు చెప్పే నెపంతో తాతయ్యలకూ నానమ్మలకూ మాట్లాడే అవకాశం వచ్చింది. షూటింగులు ఆగిపోవడంతో తెలుగు డైలీ సీరియళ్ళు జూన్ దాకా పాత భాగాలతోనే నెట్టుకొచ్చాయి. ఆ సీరియళ్ళను మనం ఎంత వెక్కిరించినా, ఇంటి ఆడవారు రోజులో తమదని చెప్పుకునే అరగంట అదే. అదీ పోయింది. రిమోటు వార్తలు చూసేవారి చేతిలోకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. తెలంగాణలో అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు గారి విలేఖరుల సమావేశాలు సాయంత్రం మొదలై చాలాసేపు సాగేవి. కోపాలు, చురకలు, లెక్కలు, ధైర్యవచనాలు అన్నీ ఉండడంతో వాటిని రాజకీయాలు పట్టనివారు కూడా కాచుకుని చూశారు. థియేటర్లు లేవు, ఐపీఎల్ సెప్టెంబరు 19 దాకా లేదు. ఆ కొరతను ఆ సమావేశాలు కొంతైనా తీర్చాయనే నా అభిప్రాయం.

ఫోను సంగతి వేరు. టీవీ ఇంటికి ఒకటి ఉన్నా పది మంది చూడవచ్చు, ఫోను ఒక్కరే చూడగలరు. 2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలోనూ, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లోనూ పాఠాలు మొదలయ్యాయి. టీవీలో చెప్పినంత వరకు బాగానే ఉంది. హోంవర్కు వాట్సాపులో పంపమన్నప్పుడు చిక్కు వచ్చింది. ఇంట్లో ఒకే స్మార్టుఫోను ఉంటే అది తండ్రిది, ఆయన పొద్దున పనికి వెళ్తూ దాన్ని జేబులో పెట్టుకుని వెళ్తాడు. తిరిగి వచ్చాక ముందు అన్నయ్య, తర్వాత చెల్లెలు, అప్పటికి చార్జింగు అయిపోతుంది లేదా నెట్ బ్యాలెన్సు అయిపోతుంది. పదో తరగతి పరీక్షలు రద్దయి అందరూ పాసైనప్పుడు పిల్లలు గంతులు వేశారు. పై చదువుకు అక్కను పంపాలా తమ్ముణ్ణి పంపాలా అన్న చర్చ మాత్రం రాబడి తగ్గిన ఇళ్ళలో ఆ పాసు మార్కులతో సంబంధం లేకుండానే జరిగింది. పాఠాలు చెప్పవలసిన ప్రైవేటు ఉపాధ్యాయుల్లో చాలామంది జీతాలు ఆగి కూరగాయలు అమ్మారు, ఉపాధి హామీ పనులకు వెళ్ళారు. వారికి తెలంగాణ ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వడానికి 2021 ఏప్రిల్ రావలసి వచ్చింది.

ఆ ఫోనులోనే వదంతులూ ఉన్నాయి. కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న ప్రచారం ఎంత గట్టిగా పాకిందంటే, లాక్‌డౌన్‌కు ముందే, ఫిబ్రవరి చివర, హైదరాబాదులో మంత్రులు వేదిక ఎక్కి కోడికూర తిని చూపించవలసి వచ్చింది. మిరియాలు, శొంఠి, పసుపు, తులసి కలిపిన కషాయం ప్రతి ఇంట్లో మరిగింది. అందులో ఏది ఎంత పనిచేసిందో వైద్యులు చెప్పాలి. నేను గమనించింది ఒకటే. చేతులు కట్టుకుని కూర్చోలేని మనిషికి ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తిని అది ఇచ్చింది, మరి దాన్ని కాచే పని ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు.

పాత ఆటల గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. సుద్దముక్కతో అయిదు గళ్ళూ అయిదు వరుసలూ గీసి, నాలుగు గవ్వలు వేసి, నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా అని నేర్పింది అమ్మమ్మలే. అటకల మీది వామనగుంటల పీటలు దిగాయి, చింతపిక్కలు సమకూరాయి. ఈ ఆటల్లో నాకు నచ్చేది పిల్లలు ఫోను వదిలారన్నది కాదు, ఎందుకంటే వారు పూర్తిగా వదలలేదు. ఇంట్లో అప్పటిదాకా ఎవరూ సలహా అడగని ముసలావిడ ఆట నియమాల మీద తీర్పు చెప్పే పెద్ద అయింది. నేను వేస్తున్న లెక్కలో తీరిక నిజంగా సమానంగా పంచుకున్న గంట ఏదైనా ఉంటే అది ఇదేనని ఒప్పుకుంటాను. అదే ఆట సూర్యాపేటలో అరుగు మీద జరిగినప్పుడు ఏమైందో ఇందాకే చెప్పాను.

2021 ఏప్రిల్, మే నెలలకు వచ్చేసరికి వినోదం అన్న మాట నోటికి రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ, తెలంగాణలో మే 12 నుంచి పొద్దున 6 నుంచి 10 వరకే సడలింపు. పాటలూ జోకులూ వచ్చే వాట్సాపు గుంపులు ఆక్సిజన్ ఎక్కడ దొరుకుతుంది, పడక ఎక్కడ ఉంది, రెమ్‌డెసివిర్ ఎవరి దగ్గర ఉంది అన్న సమాచార కేంద్రాలయ్యాయి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 94 కంటే తక్కువ కనిపిస్తే ఇంటిల్లిపాదికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఇంటికి ఒక గది ఉంటే దాన్ని రోగికి ఇచ్చి, కంచం గుమ్మం దగ్గర పెట్టి, తలుపు తట్టి వెనక్కి జరిగినవారు ఎవరో, జ్వరం వచ్చినా పడుకోకుండా మిగిలిన నలుగురికీ వండినవారు ఎవరో మీ మీ ఇళ్ళలో మీకు తెలుసు. ఆమెకు జ్వరం వచ్చినప్పుడు ఆ గది ఎన్నాళ్ళు దొరికిందో కూడా మీకు తెలుసు.

గ్రంథాలయ సభ కనుక ఒక ప్రతిపాదన చేసి ముగిస్తాను. ఆ రెండేళ్ళ గురించి రేపు రాసేవారికి టీవీ రేటింగులు దొరుకుతాయి, ప్రభుత్వ ఉత్తర్వులు దొరుకుతాయి, రోజువారీ బులెటిన్లు దొరుకుతాయి. ఇంటి లోపలి సంగతి చెప్పే కాగితాలు మాత్రం చాలా వరకు చిత్తుకాగితాల వాడికి వెళ్ళిపోయాయి, ఇంకా వెళ్తూనే ఉన్నాయి. పాల లెక్క రాసిన క్యాలెండర్లు, కిరాణా చీటీలు, ఖర్చుల పద్దు పుస్తకాలు, జ్వరం అంకెలు గంటగంటకూ రాసిన నోటు పుస్తకాలు, ఆవకాయ కొలతలు రాసుకున్న కాగితాలు మీ ఇళ్ళలో ఉంటే ఈ గ్రంథాలయానికి ఇవ్వండి. పేర్లు కొట్టేసి ఇచ్చినా సరే. వాటికి ఒక బీరువా కేటాయించడానికి కార్యదర్శి గారు సభ మొదలయ్యే ముందే అంగీకరించారు. చేతిరాత చూసి ఎవరు రాశారో గుర్తుపట్టగలిగితే, వారినే వెంటబెట్టుకుని రండి. ఆ అంకెల వెనక సంగతి వారి నోటనే విని రికార్డు చేసుకుంటాం.

నమస్కారం.